తొలి కాన్పు: నొప్పులు మొదలైన దగ్గర్నుంచి ఇంటికొచ్చేదాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చి శ్రీకాకుళంలో పాపను కన్నాను. ఆ తరువాత చెల్లెళ్ళు, ఆడపడుచులు, వాళ్ళ స్నేహితురాళ్ళు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలివి. సగం మంది గొంతు తగ్గించి అడిగారు, పక్క గదిలో మామగారున్నారని. నేను డాక్టర్ని కాను. నాకు జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. వైద్యం సంగతులు నన్ను చూసిన డాక్టరమ్మనీ, మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంనీ అడిగి సరిచూసుకున్నాకే రాశాను. మీ డాక్టర్ చెప్పింది ఇందులో ఉన్నదానికి వేరుగా ఉంటే ఆ మాటే వినండి.

వచ్చేవి దొంగ నొప్పులో, నిజం నొప్పులో ఎలా తెలుస్తుంది?

అందరూ మొదట అడిగేది ఇదే. నేనూ మా అప్పను, అంటే అక్కను, ఇదే అడిగాను. "వస్తే నీకే తెలుస్తుంది" అంది. నాకు తెలియలేదు. తొలి కాన్పులో చాలామందికి తెలియదు, అందులో తప్పేమీ లేదు.

దొంగ నొప్పులకు లెక్క ఉండదు. ఒకటి వచ్చాక పది నిమిషాలకు ఇంకొకటి, తరువాత అరగంట ఏమీ ఉండదు. కాసేపు నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా, నీళ్ళు తాగినా తగ్గిపోతాయి. నిజం నొప్పులు నడిచినా పడుకున్నా ఆగవు. నడుములో మొదలై పొత్తికడుపు దాకా వస్తాయి. పొట్ట మీద చెయ్యి పెడితే రాయిలా గట్టిపడి, మళ్ళీ మెత్తబడటం తెలుస్తుంది. నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గుతూ, ఒక్కో నొప్పి ఉండే సమయం పెరుగుతూ వస్తుంది. జిగురుగా, కాస్త నెత్తుటి చారతో తెల్లబట్ట కనిపించడం కూడా ఒక గుర్తు. అయితే అది కనిపించాక కాన్పుకి గంటలు పట్టొచ్చు, రెండు మూడు రోజులు కూడా పట్టొచ్చు.

గడియారం చూసి రాసుకోండి. నేను మా అమ్మ పాల లెక్కల పుస్తకంలో చివరి పేజీ తీసుకుని నొప్పి మొదలైన టైము, తగ్గిన టైము రాశాను. అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, ఒక గంటసేపు ఆగకుండా వస్తుంటే బయల్దేరాలి. ఆసుపత్రి దూరమైతే అంతదాకా కూడా ఆగొద్దు. 37 వారాలు నిండకముందే నొప్పులొస్తే లెక్కలు పక్కన పెట్టి వెంటనే వెళ్ళిపోండి.

ఆసుపత్రికి వెళ్తే ఇంకా టైముంది అని వెనక్కి పంపారు. ఏదైనా తేడానా?

కాదు. నన్నూ పంపారు. మొదటి రాత్రి ఎంతో టెన్షన్ పడి వెళ్తే, గర్భాశయ ముఖద్వారం 2 సెంటీమీటర్లే తెరుచుకుందన్నారు. బిడ్డ బయటికి రావాలంటే 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. 5 సెంటీమీటర్ల దాకా చాలా నెమ్మదిగా సాగుతుంది, తొలి కాన్పులో ఒక రోజు దాటినా దాటుతుంది. ఆ తరువాత వేగం అందుకుంటుంది. 5 నుంచి 10కి చేరడానికి తొలి కాన్పులో మామూలుగా 12 గంటలు మించదు.

ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి నేను అంత ఏడ్చేదాన్ని కాదు. నాలో ఏదో లోపముందని, అందుకే కాన్పు రావడం లేదని అనుకున్నాను. ఇంటికొచ్చి పెరుగన్నం తిని, గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, మధ్యమధ్యలో కునుకు తీశాను. మీరూ అదే చేయండి. ఆ సమయంలో నిద్ర, తిండి మానేస్తే తరువాత ముక్కడానికి ఓపిక ఉండదు.

డాక్టర్ రాసిన తేదీ దాటిపోయింది, నొప్పులు రాలేదు. భయపడాలా?

ఆ తేదీ ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 40 వారాలకు వేసిన లెక్క. నూటికి అయిదుగురు కూడా సరిగ్గా ఆ రోజున కనరు. అలాగని చూపించుకోకుండా ఇంట్లో కూర్చోకూడదు. తేదీ దాటాక డాక్టర్ బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు చూస్తారు. 41 వారాలు నిండుతుంటే సాధారణంగా మందులతో నొప్పులు తెప్పిస్తారు.

ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ కంటే ఏడో నెలలో పుట్టిన బిడ్డే బతుకుతుందట కదా?

తప్పు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకే ఎక్కువ అవకాశం. ఈ మాట నమ్మి ఎనిమిదో నెలలో నొప్పులొచ్చిన పిల్లను ఆలస్యంగా తీసుకెళ్ళినవాళ్ళు మా వైపు ఉన్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోయింది. ఆగవచ్చా?

ఆగొద్దు. శుభ్రమైన బట్టో, ప్యాడో పెట్టుకుని బయల్దేరండి. పోయిన టైము, రంగు గుర్తుపెట్టుకోండి. నీళ్ళలా ఉంటే మంచిదే. ఆకుపచ్చగానో, గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం, అది వెంటనే చెప్పాలి. నీరు పోయాక ఎంత ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది. ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టి చూడకూడదు, పెద్దవాళ్ళైనా సరే.

ఎలా వెళ్ళాలి? అర్ధరాత్రైతే?

108కి ఫోన్ చేయండి. ఖర్చుండదు. ఫోన్‌లో ఊరి పేరుతో పాటు గుడో, బడో, చెరువు గట్టో ఒక గుర్తు చెప్పండి. రోడ్డు మీద లైటు పట్టుకుని ఒకరు నిలబడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి దించడానికి 102, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది.

మన జిల్లాల సంగతి ఒకటి చెప్పాలి. నేను రెండోసారి బయల్దేరింది రథసప్తమి రాత్రి. అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే దర్శనాలు. శ్రీకాకుళం అంతా మనుషులే. మామూలుగా క్షణాల్లో దాటే ఏడు రోడ్ల కూడలి దాటడానికే చాలాసేపు పట్టింది. నేను వెనక సీట్లో అమ్మ ఒడిలో తల పెట్టుకుని, కిటికీలోంచి తలనీలాలిచ్చిన గుండ్లు వరుసగా వెళ్తుంటే లెక్కపెట్టాను. నొప్పి వచ్చిన ప్రతిసారీ లెక్క తప్పేది, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆ రోజు రద్దీ ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ నా తేదీతో కలిపి ఎవరూ ఆలోచించలేదు.

కాబట్టి మీ తేదీ క్యాలెండర్‌లో చూడండి. రథసప్తమికి అటూఇటూ అయితే, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి దగ్గరగా అయితే, వేరే దారి ముందే చూసుకోండి, లేదా ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న చుట్టాలింట్లో రెండు రోజులు ఉండండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉంటే తుపాను హెచ్చరిక వినగానే కదలాలి. కొండ మీద ఊళ్ళవాళ్ళైతే ఇంకా ముందే. రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. నొప్పులొచ్చాక దిగడం కన్నా, ఆశా కార్యకర్తతో మాట్లాడి పది రోజుల ముందే కిందికి దిగిపోవడం వెయ్యి రెట్లు నయం.

ప్రభుత్వ ఆసుపత్రి మంచిదా, ప్రైవేటా?

మీకు ప్రమాదం ఎంత ఉందో దాన్ని బట్టి చూడండి, భవనాన్ని బట్టి కాదు. బీపీ, షుగరు, రక్తహీనత, కవలలు, మాయ కిందికి ఉండటం, వీటిలో ఏదున్నా రాత్రి కూడా ఆపరేషన్ చేయగలిగే, రక్తం దొరికే, నెలలు నిండని బిడ్డను చూసే వార్డున్న చోటే కనాలి. శ్రీకాకుళంలో మనమంతా ఇంకా రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ సర్వజనాసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి అలాంటివి. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. ఇక్కడ కుదరకపోతే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పంపుతారు. శ్రీకాకుళం నుంచి అది వంద కిలోమీటర్ల పైమాటే. ప్రైవేటు ఆసుపత్రిలో చేరేముందు "రాత్రి రెండింటికి అవసరమైతే మత్తు డాక్టర్ ఎంతసేపట్లో వస్తారు?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకో చోటు చూసుకోండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద అది మన హక్కు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టర్‌తో ఉచితంగా పరీక్షలు చేయిస్తారు. తొలి కాన్పుకి ప్రధానమంత్రి మాతృవందన యోజనలో రూ. 5,000 రెండు విడతలుగా తల్లి ఖాతాలో వేస్తారు. ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీలోనో అడిగి ముందే నమోదు చేయించుకోండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

తల్లీ బిడ్డల రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పుస్తకం. ముందు వైపు తెరుచుకునే నైటీలు మూడు. ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీర ముక్కలు బిడ్డకు, వీటికి మించిన బట్ట లేదు. పెద్ద ప్యాడ్లు, బిడ్డకు టోపీ, మేజోళ్ళు, మీకు చెప్పులు, ఫోన్ ఛార్జర్. బంగారం ఇంట్లో వదిలేయండి.

నొప్పి ఎలా ఉంటుంది? తట్టుకోగలనా?

తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండుతారే, నడుము చుట్టూ అలా ఉండేది నాకు. పెరుగుతూ పెరుగుతూ ఇక నావల్ల కాదనిపించే చోటికి వెళ్ళి, అక్కణ్ణుంచి దిగిపోతుంది. దిగాక ఏమీ ఉండదు. నిజంగా ఏమీ ఉండదు. ఆ రెండు మూడు నిమిషాల్లో నేను మంచినీళ్ళు తాగాను, పక్క మంచం మీదున్న బూర్జ అమ్మాయితో ఆమె ఊరి సంగతులు మాట్లాడాను. నొప్పి ఏకధాటిగా ఉండదనే మాట మీరు గట్టిగా పట్టుకోండి.

ఒంటిని బిగపట్టకండి. దవడ, భుజాలు వదులు చేసి, ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలాలి. వెల్లకిలా పడుకోవడం కన్నా నడవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగడం, ఎడమ పక్కకు పడుకోవడం మేలు. మధ్యమధ్యలో మూత్రానికి వెళ్ళిరండి. నర్సు వచ్చి బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉంటుంది, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. ఎంత ఉందో అడగండి. ఆ అంకె విన్న ప్రతిసారీ నాకు ధైర్యం వచ్చేది.

10 సెంటీమీటర్లకు దగ్గరపడుతుంటే కొందరికి వాంతులు, ఒళ్ళంతా వణుకు వస్తాయి. "నన్ను ఇంటికి తీసుకెళ్ళిపోండి" అని నేను అరిచింది అప్పుడే. అది అయిపోవచ్చిందనడానికి గుర్తట. తరువాత దొడ్డికి వచ్చినట్టు బలంగా అనిపిస్తుంది. సిగ్గుపడకుండా ఆ మాట చెప్పండి, బిడ్డ తల కిందికి దిగిందని అర్థం. ముక్కేటప్పుడు నిజంగానే దొడ్డికి రావొచ్చు కూడా. నర్సులు తుడిచేస్తారు, వాళ్ళకది రోజూ చూసేదే. ఆ సిగ్గుతో బిగబట్టుకుంటే బిడ్డ రాక ఆలస్యమవుతుంది. నొప్పి వచ్చినప్పుడే ముక్కాలి, తగ్గినప్పుడు వదిలేయాలి. తొలి కాన్పులో ఇది గంట, రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది.

లోపలికి అమ్మను రానిస్తారా? కసురుకుంటారని విన్నాను.

ఈ పేజీ అంతా చదవకపోయినా ఇది చదవండి.

నేను చేరిన చోట మొదట అమ్మను బయటే ఆపేశారు. నాలుగు గంటలు ఒక్కదాన్నే ఉన్నాను. గోడ గడియారంలో సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర తట్టుకుని, ఒకసారి వణికి పైకెక్కేది. నా కళ్ళు దాని మీదే. నొప్పికి అరిస్తే ఒకామె "పడుకునేటప్పుడు తెలీలేదా?" అంది. పాపకు ఇప్పుడు రెండేళ్ళు. నొప్పి ఎలా ఉండేదో ఒంటికి గుర్తులేదు గానీ, ఆ మాట ఏ గొంతుతో అందో గుర్తుంది.

డ్యూటీ మారాక వచ్చిన సిస్టర్ నా మొహం చూసి "మీ అమ్మగారెక్కడ?" అని తనే పిలిపించింది. అమ్మ వచ్చి నా నడుము మీద చెయ్యి పెట్టి రాసింది. అంతే చేసింది, ఇంకేమీ చేయలేదు. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ముంజేయి పట్టుకున్నాను. పాప పుట్టాక చూస్తే ఆవిడ మట్టిగాజులు నొక్కుకుని చేతి మీద అర్ధచంద్రాల్లా నాలుగు గీతలు పడి ఉన్నాయి.

2016లోనే కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని అనుమతిచ్చింది. ఆమె శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి, అంటురోగాలు ఉండకూడదు, చివరిదాకా ఉండగలగాలి, వైద్యానికి అడ్డు రాకూడదు, పక్కవాళ్ళ జోలికి పోకూడదు. కాన్పు అనుభవం ఉన్నామె అయితే మంచిది. తోడు మనిషి ఉంటే కాన్పు త్వరగా అవుతుందని, సిజేరియన్ అవసరం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అమ్మకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయంటే అప్పనో, వదిననో తీసుకెళ్ళండి. నెలల పరీక్షలకు వెళ్ళినప్పుడే "లోపల నాతో ఫలానా ఆవిడ ఉంటారు" అని చెప్పి ఉంచండి. నొప్పుల్లో వాదించే ఓపిక ఉండదు. ఎవరైనా మాట తూలినా, చెయ్యి చేసుకున్నా మీ తోడు మనిషి డాక్టర్‌కో సూపరింటెండెంట్‌కో చెప్పాలి.

నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఉందట?

వెన్నులో ఇచ్చే ఎపిడ్యురల్. నడుము కింద నొప్పి బాగా తగ్గుతుంది, స్పృహలోనే ఉంటారు. మత్తు డాక్టర్ దగ్గరుండాలి కాబట్టి అన్ని చోట్లా దొరకదు. కావాలంటే ముందే అడగండి. తీసుకున్నవాళ్ళను తక్కువగా చూడటం మాత్రం న్యాయం కాదు.

కింద కోసి కుట్లు వేస్తారట, అందరికీనా?

తొలి కాన్పు అయినంత మాత్రాన అందరికీ కోయనక్కర్లేదు. బిడ్డను త్వరగా తీయాల్సి వస్తే కోస్తారు. కోసినా, తనంతట చిరిగినా, మత్తు సూది ఇచ్చి కుట్టాలి. నొప్పి తెలుస్తుంటే చెప్పండి, ఇంకొంచెం ఇస్తారు. కుట్లు వాటంతటవే కరుగుతాయి. కడుక్కున్నాక మెత్తటి బట్టతో అద్ది పొడిగా ఉంచుకోవాలి.

నార్మల్ అవుతుందన్నారు, చివర్లో సిజేరియన్ అన్నారు. మోసమా?

ప్రతిసారీ కాదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం, ఎన్ని గంటలైనా ద్వారం తెరుచుకోకపోవడం నొప్పుల మధ్యలోనే బయటపడతాయి, ముందు చెప్పలేరు. కానీ అనుమానం రావడానికీ కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్‌లే. కాబట్టి "ఎందుకు చేయాలి? ఇంకో గంట ఆగితే ఏమవుతుంది?" అని అడగండి. నిజమైన కారణం ఉన్న డాక్టర్ రెండు మాటల్లో చెప్పేస్తారు. బిడ్డకు ప్రమాదమంటే ముహూర్తాలకూ, చుట్టాల ఫోన్లకూ ఆగకుండా సంతకం పెట్టండి. మా అప్పకు సిజేరియనే. ఆమె నాకంటే తక్కువ కష్టపడిందని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

బిడ్డ పుట్టగానే ఏం చేస్తారు?

తుడిచి మీ రొమ్ము మీద పడుకోబెట్టాలి. బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోస్తే బిడ్డకు రక్తం పడుతుంది. మీకు రక్తం ఎక్కువ పోకుండా తొడకో, చేతికో ఇంజెక్షన్ ఇస్తారు. అరగంటలోపు మాయ పడుతుంది. నా పాప నా మీద పడినప్పుడు వెచ్చగా, జారుతూ, ఊహించినదానికంటే బరువుగా అనిపించింది. ఒక చెవి మడతపడి తలకు అతుక్కుని ఉంది. దాన్నే వేలితో తెరిచాను.

గంటలోపు పాలు పట్టించాలి. పచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు పిండి పారబోయొద్దు, బిడ్డకు మొదటి టీకా లాంటివి. తేనె, పంచదార నీళ్ళు, గాడిదపాలు ఏవీ వద్దు. మొదటి రెండు రోజులు చెంచాడే వస్తాయి, బిడ్డ పొట్టకు అవి చాలు. స్నానం ఒక రోజు ఆగాకే. ఇరవై నాలుగు గంటల్లోపు హెపటైటిస్-బి, దాంతోపాటు బీసీజీ, పోలియో చుక్కలు వేశారో లేదో కార్డులో చూసుకోండి.

బాలింతకు నీళ్ళు ఇవ్వకూడదంటున్నారు. పథ్యం ఎంతవరకు పాటించాలి?

నీళ్ళు ఆపడం మాత్రం ఒప్పుకోకండి. పాలు పడాలంటే నీళ్ళు కావాలి, మలబద్ధకం వస్తే కుట్లకు నరకం. దాహమైనప్పుడల్లా తాగండి. శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి వేసి చేసే కాయం కొద్దిగా తింటే ఇబ్బంది లేదు. మా వైపు తీరంలో బాలింతకు పాలసొర వండిపెడతారు. పాలు పెరుగుతాయో లేదో గానీ మంచి మాంసకృత్తులున్న చేప, హాయిగా తినండి. పప్పు, ఆకుకూరలు, గుడ్డు మొదటి వారం నుంచే తినొచ్చు. వెల్లుల్లి కారం, అన్నంతో నెలంతా గడిపేస్తే రక్తం ఎక్కడ పడుతుంది? ఐరన్ మాత్రలు కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి. తలుపులు మూసి మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం వద్దు, ఆ పొగ బిడ్డ ఊపిరికి చేటు.

అంతా బాగానే ఉంది, కానీ ఏడుపొస్తోంది. ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.

మూడో రోజు నుంచి నాకూ వచ్చింది. పాప నిద్రపోతుంటే చూసి ఏడ్చేదాన్ని. వారం పది రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డనో మిమ్మల్నో ఏమైనా చేసుకోవాలనే ఆలోచన వస్తే అది జబ్బు, దానికి మందుంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు. దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, ఫోన్ కూడా చేయండి.

ఇంటికొచ్చాక ఏం కనిపిస్తే వెంటనే పరిగెత్తాలి?

గంటలో ప్యాడ్ నిండా తడిసిపోయేంత రక్తం, పెద్ద గడ్డలు. చలి జ్వరం. దుర్వాసన. కళ్ళు మసకబారే తలనొప్పి లేదా ఫిట్స్, కాన్పుకి ముందు బీపీ లేకపోయినా సరే. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం. బిడ్డ పాలు తాగకపోవడం, ఒళ్ళు చల్లబడటం లేదా కాలడం, డొక్కలెగరేయడం, అరచేతులు అరికాళ్ళ దాకా పసుపెక్కడం. వీటిలో ఏదైనా తెల్లారేదాకా ఆగేది కాదు.

నేను భర్తను. నన్ను లోపలికి రానివ్వరు, నేనేం చేయాలి?

ఈ ప్రశ్న అడిగింది ఇద్దరే, వాళ్ళంటే నాకు గౌరవం. ఆమె గ్రూపు రక్తం ఇచ్చే ఇద్దరి నంబర్లు దగ్గర పెట్టుకోండి. బయట కూర్చున్న పెద్దవాళ్ళు "ఇంకా కాలేదా" అని లోపలికి కబుర్లు పంపకుండా చూడండి. మగపిల్లాడా ఆడపిల్లా అని అడిగేవాళ్ళకు ముందు "తల్లి బాగుంది" అని చెప్పండి. ఇంటికొచ్చాక రాత్రి పాలు తాగిన బిడ్డను భుజానేసుకుని త్రేన్పు తెప్పించడం మీ పని, ఆ ఇరవై నిమిషాలు ఆమె నిద్రపోతుంది. జనన నమోదు కూడా మీరే చూసుకోండి. 21 రోజుల్లోపు చేయిస్తే రుసుము లేదు. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు చేస్తారు, తరువాత చేర్పించుకోవచ్చు. ధ్రువపత్రంలో తల్లి పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి.